కాంతి ఎక్కువ పట్టుకున్నా కరెంటు ఎందుకు తగ్గింది? పాలిమర్ సోలార్ సెల్‌లో మూడో పదార్థం కలిపే ముందు

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెప్తాను. (ఇందులో పీటీబీ7, పీ3హెచ్‌టీ కాంతిని పట్టి ఎలక్ట్రాన్ ఇచ్చే పాలిమర్లు, పీసీ71బీఎం ఆ ఎలక్ట్రాన్‌ను లాక్కునే కార్బన్ అణువు. ఎనీలింగ్ అంటే ఫిల్మ్‌ను వేడి చేసి లోపల సర్దుకోనివ్వడం. ఫిల్ ఫ్యాక్టర్ అంటే సెల్ కరెంటు, వోల్టేజీల లబ్ధంలో నిజంగా ఎంత భాగం పవర్‌గా చేతికొస్తుందో చెప్పే నిష్పత్తి.)

"సర్, పీటీబీ7, పీసీ71బీఎం మిశ్రమంతో సెల్ చేస్తే చదరపు సెంటీమీటరుకు 13.5 మిల్లీయాంపుల కరెంటు, 0.73 వోల్టులు వచ్చాయి. నీలం, ఆకుపచ్చ కాంతిని కూడా పట్టుకోవాలని పీటీబీ7లో 20 శాతం తీసేసి ఆ మేరకు పీ3హెచ్‌టీ కలిపాను. పీ3హెచ్‌టీకి ఎనీలింగ్ కావాలంటారు కదా అని 150 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేశాను. అబ్సార్ప్షన్ గ్రాఫ్ బాగా వెడల్పయింది. కానీ కరెంటు 8కి, వోల్టేజీ 0.62కి, ఫిల్ ఫ్యాక్టర్ 0.66 నుంచి 0.45కి పడిపోయాయి. ఎక్కువ కాంతి పట్టుకుంటే ఎక్కువ కరెంటు రావాలి కదా? నెల రోజులుగా టెన్షన్ పడుతున్నాను. తప్పు ఎక్కడ జరిగింది?"

సూటిగా జవాబు: మీరు చేతిపనిలో పెద్ద తప్పేమీ చేయలేదు. ఎంచుకున్న జతే కుదరలేదు. పీ3హెచ్‌టీకి వేడి కావాలి, పీటీబీ7కి వేడి పడదు. ఆ రెంటినీ ఒకే ఫిల్మ్‌లో పెట్టి వేడి చేశారు కాబట్టి లోపలి అల్లిక చెడింది. దానికి తోడు మీరు కొత్తగా పట్టుకున్నామనుకున్న కాంతిలో చాలా భాగాన్ని పీసీ71బీఎం ముందే పట్టుకుంటోంది. ఈ సెల్‌లో కరెంటును తేల్చేది ఫిల్మ్ రంగు కాదు, ఫిల్మ్ లోపల రెండు పదార్థాలు ఎంత సన్నగా అల్లుకున్నాయన్నది. పదిహేనేళ్ళకు పైగా ఈ ఫిల్ములతోనే పనిచేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు కారణాలు. కొంచెం మొదటి నుంచీ వస్తాను, ఎందుకంటే ఈ విషయం మనసులో నాటుకుంటే రేపు ఏ పాలిమర్ చేతికొచ్చినా మీరే ఆలోచించుకోగలరు.

సిలికాన్‌లో కాంతి పడితే ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ పోయిన చోట మిగిలే ధన చార్జీ) దాదాపు వెంటనే విడిపోతాయి. సిలికాన్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం 12 దగ్గర ఉంటుంది కాబట్టి వాటి మధ్య ఆకర్షణ బలహీనం. మన పాలిమర్లలో అది 3 నుంచి 4 మాత్రమే. కాబట్టి కాంతి పడ్డాక పుట్టేది విడి ఎలక్ట్రాన్ కాదు, ఎలక్ట్రాన్-హోల్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న జంట. దాన్నే ఎక్సైటాన్ అంటాం. ఈ జంటను విడదీయడానికి సుమారు 0.3 నుంచి 0.5 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. గది ఉష్ణోగ్రత ఇచ్చేది 0.025. అంటే దానంతట అది విడిపోదు. పక్కన ఎలక్ట్రాన్‌ను లాక్కునే ఇంకో పదార్థం ఉండాలి. ఎక్సైటాన్ ఆ సరిహద్దు దాకా నడిచి వెళ్ళాలి. అది నడవగలిగిన దూరం చాలా పాలిమర్లలో 10 నానోమీటర్ల ప్రాంతం. ఆలోపు సరిహద్దు తగలకపోతే ఆ కాంతి వేడిగానో, మసక వెలుగుగానో పోతుంది.

ఆ దూరం ఎంత చిన్నదో ఒకసారి మనసులో పెట్టుకోండి. మన ఫిల్మ్ మందమే 100 నానోమీటర్లు. 1986లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్ రెండు పదార్థాలను ఒకదాని మీద ఒకటి పొరలుగా వేసి సామర్థ్యాన్ని (పడిన కాంతిశక్తిలో కరెంటుగా మారే భాగాన్ని) 1 శాతం దాకా తెచ్చాడు. సరిహద్దు ఒక్క గీతలాగా ఉండేది, దానికి దగ్గరగా పుట్టిన ఎక్సైటాన్లే పనికొచ్చేవి. 1992లో పాలిమర్ నుంచి సి60 అనే బంతిలాంటి కార్బన్ అణువుకు ఎలక్ట్రాన్ చాలా వేగంగా దూకుతుందని శాంటా బార్బరాలో అలాన్ హీగర్, సారిచిఫ్చీ బృందం చూపించింది. 1995లో ఆ బృందమే రెండింటినీ ఒకే ద్రావణంలో కలిపి పోసింది. సరిహద్దు ఫిల్మ్ అంతటా వ్యాపించింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో రెండు పాలిమర్లనే ఒకదానిలో ఒకటి అల్లి చూపించారు. ఇవాళ మీరు పోస్తున్న ప్రతి మిశ్రమమూ ఆ ఏడాది నుంచి వచ్చిందే.

కానీ కలిపితే సరిపోదు. చార్జీలు విడిపోయాక ఎలక్ట్రాన్ ఒక ఎలక్ట్రోడ్ దాకా, హోల్ ఇంకో ఎలక్ట్రోడ్ దాకా తెగకుండా దారి ఉండాలి. డెల్టా రైతులకు బాగా తెలిసిన సంగతే: చెరువు నిండుగా ఉన్నా కాలువ మధ్యలో పూడిపోతే చివరి పొలానికి నీళ్ళు రావు. మరీ మెత్తగా కలిసిపోతే దారులు తెగిపోతాయి, ఎలక్ట్రాన్, హోల్ మళ్ళీ ఎదురుపడి కలిసిపోతాయి. మరీ ముద్దలుగా విడిపోతే ఎక్సైటాన్ సరిహద్దు దాకా చేరదు. ఈ రెంటికీ మధ్య, 10-20 నానోమీటర్ల అల్లిక దగ్గర ఆపాలి. మన పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2001లో ఆస్ట్రియాలోని లింజ్ నుంచి వచ్చింది. ఒకే పాలిమర్, ఒకే పీసీబీఎం (సి60 నుంచి చేసిన అణువు, మీ పీసీ71బీఎంకు దగ్గరి బంధువు). టొలూయీన్‌లో పోస్తే 0.9 శాతం వచ్చింది, క్లోరోబెంజీన్‌లో పోస్తే 2.5. మారింది సాల్వెంట్ మాత్రమే. టొలూయీన్‌లో పీసీబీఎం పెద్ద ముద్దలుగా విడిపోయింది, క్లోరోబెంజీన్‌లో సన్నగా పరుచుకుంది. 2007లో శాంటా బార్బరా వాళ్ళు ఇంకో పాలిమర్‌కు కొద్ది శాతం ఆల్కేన్ డైథయాల్ చుక్కలు వేసి 2.8 శాతాన్ని 5.5కి తెచ్చారు. కొత్తగా కాంతి పట్టే పదార్థం ఏమీ వేయలేదు, లోపలి అల్లిక మార్చారు, అంతే.

ఇప్పుడు మీ సెల్ దగ్గరికి వద్దాం.

మొదట ఆ అబ్సార్ప్షన్ గ్రాఫ్. మీరు చూసింది నార్మలైజ్ చేసిన గ్రాఫేమో ఒకసారి సరిచూసుకోండి. అత్యధిక విలువను 1గా పెట్టి గీస్తే ఎడమవైపు కొత్త గుట్ట లేచినట్టు కనిపిస్తుంది. నిజంగా జరిగింది కుడివైపు గుట్ట తగ్గడం. మొత్తం గాఢత మార్చకుండా పీటీబీ7లో అయిదో వంతు తీసేశారు కదా, అంటే 600 నుంచి 750 నానోమీటర్ల దాకా కాంతిని పట్టే చేతులు కొన్నింటిని మీరే తీసేశారు. 100 నానోమీటర్ల గదిలో ఎవరినైనా కొత్తగా కూర్చోబెట్టాలంటే ఇంకొకరిని లేపాలి. పోనీ కొత్తగా వచ్చినవాడు ఖాళీ కుర్చీలో కూర్చున్నాడా అంటే అదీ లేదు. పీ3హెచ్‌టీ 400 నుంచి 650 దాకా పట్టుకుంటుంది. పీసీ61బీఎం (మామూలు పీసీబీఎం) బదులు పీసీ71బీఎం వాడేదే అది ఆ కనిపించే కాంతిలో బాగా పట్టుకుంటుంది కాబట్టి. ఆ ఖాళీని మీకంటే ముందే అది నింపేసింది.

లెక్క కూడా వేసి చూడండి. సూర్యకాంతిలో 650 నానోమీటర్ల దాకా ఉన్న ప్రతి ఫోటాన్‌నూ పట్టుకుని ఒక్కటీ పోకుండా కరెంటుగా మార్చినా చదరపు సెంటీమీటరుకు 14 మిల్లీయాంపుల ప్రాంతం వస్తుంది. 750 దాకా అయితే 20 పైన. అంటే ఎర్రటి వైపు ఒక్క వంద నానోమీటర్లలో ఆరేడు మిల్లీయాంపులు దాక్కుని ఉన్నాయి. మీ కరెంటుకు ఆధారం అక్కడే. మీరు కోసింది ఆ కొమ్మనే.

రెండోది వేడి. ఇదే అసలు దెబ్బ అని నా అభిప్రాయం. పీ3హెచ్‌టీ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి స్ఫటికాలవుతాయి. దీన్ని కంటితో చూడొచ్చు. సీసాలో ద్రావణం పండు నారింజ రంగులో ఉంటుంది. త్వరగా ఆరిపోయిన మిశ్రమం ఫిల్మ్ కూడా ఇంకా ఇటుక-నారింజ రంగులోనే ఉంటుంది. 150 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టి వంగి చూస్తే కొద్ది క్షణాల్లో అంచుల నుంచి మధ్యకు ముదురు ఊదా రంగు పాకుతుంది, వంకాయ తొక్క రంగు. గొలుసులు సర్దుకున్నాయనడానికి గుర్తు అదే. 2005లో పీ3హెచ్‌టీ, పీసీబీఎం జతను 5 శాతం దాకా తెచ్చింది ఈ 150 డిగ్రీల వేడే. నెమ్మదిగా ఆరనిచ్చినా అదే పని జరుగుతుందని అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో యాంగ్ యాంగ్ బృందం 4.4 శాతంతో చూపించింది.

పీటీబీ7 స్వభావం వేరు. అది అంతగా స్ఫటికమవదు. దాని అల్లిక ఆరేటప్పుడే కుదిరిపోతుంది. క్లోరోబెంజీన్‌లో 3 శాతం డీఐఓ (డైఅయోడోఆక్టేన్ అనే నెమ్మదిగా ఆరే ద్రవం) వేసేది అందుకే. 2010లో షికాగో వాళ్ళ 7.4 శాతం అలా వచ్చిందే. ఆ అల్లికను మళ్ళీ వేడి చేస్తే పీసీ71బీఎం అణువులు కదిలి ఒకచోటికి చేరతాయి, ముద్దలవుతాయి. నా చేతుల్లో 100 డిగ్రీలు దాటిన పీటీబీ7 సెల్ ఒక్కటీ బాగుపడలేదు. ఒకదానికి మందైన వేడి ఇంకోదానికి విషమైంది. దీనికి మధ్యేమార్గం ఉంటుందేమోనని 80, 100, 120 అంటూ నెలలు గడపకండి. మేం గడిపాం. 80 దగ్గర పీ3హెచ్‌టీ సరిగా సర్దుకోలేదు, 120 దగ్గర పీటీబీ7 చెడింది.

ఇంకో లోతైన కారణం కూడా ఉంది. చక్కెర, ఉప్పు లాంటి చిన్న అణువులు ఒకే నీళ్ళలో హాయిగా కలిసిపోతాయి, ఎందుకంటే కలవడం వల్ల ఎంట్రపీ (అస్తవ్యస్తత) బాగా పెరుగుతుంది. పొడవాటి గొలుసులకు ఆ లాభం చాలా తక్కువ. పాల్ ఫ్లోరీ ఈ లెక్క చాలా ఏళ్ళ క్రితమే తేల్చాడు, ఆయనకు 1974లో నోబెల్ కూడా వచ్చింది. రెండు వేర్వేరు పాలిమర్లను కలిపితే విడిపోవడమే వాటికి సహజం. ద్రావణంలో కలిసినట్టు కనిపించినవి కూడా సాల్వెంట్ ఎగిరిపోతున్నకొద్దీ ఎవరి గుంపులో వాళ్ళు చేరతారు. మీరు కలిపింది ఒక పాలిమర్‌కు ఇంకో పాలిమర్. మూడో పదార్థంగా రెండో పాలిమర్‌ను వేయడం మొదటిసారి చేసేవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన దారి. చిన్న అణువును వేసుంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

మూడోది ఎనర్జీ లెవెల్స్. మీ వోల్టేజీయే దీనికి సాక్ష్యం. పీటీబీ7 హోమో (హోల్ నిలిచే శక్తి మెట్టు) మైనస్ 5.15 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, పీ3హెచ్‌టీ హోమో మైనస్ 5.0 దగ్గర ఉంటాయి. హోల్‌కు పీ3హెచ్‌టీ మెట్టే ఎక్కువ సుఖం. అక్కడికి చేరాక తిరిగి పీటీబీ7లోకి రావాలంటే 0.1 ఎలక్ట్రాన్ వోల్టు పైనే ఎక్కాలి, అది గది ఉష్ణోగ్రత ఇచ్చేదానికి అయిదారు రెట్లు. 20 శాతం పీ3హెచ్‌టీ తెగని దారిగా ఎలక్ట్రోడ్ దాకా ఉంటే ఫర్వాలేదు. విడి విడి దీవులుగా ఉంటే హోల్స్ ఆ గుంటల్లో పడి ఉండిపోతాయి. ఫిల్ ఫ్యాక్టర్ 0.45కి పడడం, వోల్టేజీ పీ3హెచ్‌టీ సెల్స్‌కు మామూలుగా వచ్చే 0.6 వైపు జారడం చూస్తే మీ సెల్‌లో రెండూ కొంత కొంత జరుగుతున్నాయి అనుకుంటున్నాను.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. మీ రీడింగుల్లో కొంత భాగానికి ఇది కూడా కారణం కావచ్చు. ఒకసారి క్లోరిన్ లేని సాల్వెంట్ వాడదామని పీ3హెచ్‌టీని జైలీన్‌లో కరిగించాం. 60-70 డిగ్రీల దగ్గర చక్కగా కరిగింది. స్టాక్ సొల్యూషన్‌ను ఆ రాత్రి బెంచి మీదే ఉంచేశాం. మర్నాడు పొద్దున తీసి సిరంజి ఫిల్టర్‌లో పడితే సిరంజి గట్టిగా నొక్కాల్సి వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. మూడు వారాల పాటు సెల్స్ అన్నీ రోజుకో రకంగా వచ్చాయి. చివరికి చెత్తబుట్టలో వేసిన ఫిల్టర్‌ను ఒకరు తీసి వెలుతురులో చూశారు. తెల్లగా ఉండాల్సిన పొర ముదురు ఊదా రంగులో ఉంది. చల్లబడ్డ జైలీన్‌లో పీ3హెచ్‌టీ సన్నటి పీచులుగా గడ్డకట్టి ఫిల్టర్‌లోనే ఉండిపోయింది. మేం నోట్‌బుక్‌లో రాసుకున్న నిష్పత్తి వేరు, ఫిల్మ్‌లోకి వెళ్ళింది వేరు. అప్పట్నుంచి నా దగ్గర ఎవరు చేరినా మొదటి రోజే చెప్తాను: ఫిల్టర్‌ను పారేసేముందు ఒక్కసారి వెలుతురుకు పట్టి చూడండి. క్లోరోబెంజీన్‌లో ఈ ఇబ్బంది తక్కువ, అయినా గాఢత ఎక్కువైతే, ఫ్రిజ్‌లో పెడితే అక్కడా వస్తుంది. పోసేముందు మళ్ళీ వేడి చేసి, రంగు పండు నారింజగా ఉందో లేదో చూసుకుని పోయండి.

పీటీబీ7 విషయంలో ఇంకో జాగ్రత్త. దాని ద్రావణం గాలి, వెలుతురు కలిసి తగిలితే త్వరగా పాడవుతుంది. ఫిల్మ్‌లో మిగిలిపోయిన డీఐఓ ఆ చెడిపోవడాన్ని ఇంకా తొందరపెడుతుంది. డీఐఓ మరిగే ఉష్ణోగ్రత చాలా ఎక్కువ కాబట్టి దానంతట అది ఎగిరిపోదు. ఫిల్మ్ వేశాక వాక్యూమ్‌లో కొన్ని గంటలు ఉంచండి, లేదా స్పిన్ అవుతుండగా పైన కొంచెం మెథనాల్ వేసి కడగండి. సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టడం చిన్న పనే, కానీ మర్చిపోతే ఒక బ్యాచ్ మొత్తం పోతుంది.

ఇదంతా చదివి మూడు పదార్థాల మిశ్రమం దండగ అనుకోకండి. ఇవాళ 20 శాతం ప్రాంతానికి చేరిన సెల్స్‌లో చాలావాటిలో మూడో పదార్థం ఉంది. అవి ఎందుకు పనిచేశాయో చూడండి. 2019లో చైనాలో జౌ యింగ్‌పింగ్ బృందం వై6 అనే చిన్న అణువును తెచ్చింది. దాన్ని పీఎం6 పాలిమర్‌తో కలిపితే 15.7 శాతం వచ్చింది, కరెంటు 25 మిల్లీయాంపులు. పీఎం6 650 దాకా, వై6 దాదాపు 930 దాకా పట్టుకుంటాయి. అంటే కాంతిని పంచుకోవడం రెండు పదార్థాలతోనే చాలామటుకు అయిపోయింది. అక్కడ మూడోదిగా వేసేది ఎక్కువగా వై6 కుటుంబానికే దగ్గరి అణువు, అదీ కొద్దిగా. అది వై6తో బాగా కలిసిపోతుంది, వోల్టేజీ కాస్త పెంచుతుంది, అల్లికను సరిచేస్తుంది. కొత్త రంగు కోసమే వేస్తున్నారనుకుంటే పొరపాటు.

మీ ల్యాబ్‌లో పీ3హెచ్‌టీ కిలో లెక్కన ఉందని, దాన్నే వాడమంటున్నారని రాశారు. మంచిదే, అది చవక, తయారీ సులువు. అయితే దాన్ని పీటీబీ7 పక్కన కాదు, దానికి తగిన యాక్సెప్టర్ (ఎలక్ట్రాన్‌ను తీసుకునే పదార్థం) పక్కన పెట్టండి. 2016లో ఐడీటీబీఆర్ అనే యాక్సెప్టర్‌తో పీ3హెచ్‌టీ 6.4 శాతం ఇచ్చింది. పీ3హెచ్‌టీ పట్టలేని ఎర్రటి కాంతిని ఆ యాక్సెప్టర్ పట్టుకుంటుంది, వేడిని ఇద్దరూ తట్టుకుంటారు. మీరు కోరుకున్న వెడల్పు రెండు పదార్థాలతోనే వస్తుంది.

ఈలోపు చేతిలో ఉన్న సెల్స్‌ను పారేయకండి. వాటి నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ముందు పీటీబీ7, పీసీ71బీఎం సెల్‌నే మూడోది లేకుండా తీసుకుని 150 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేసి కొలవండి. మీరు ఈ కంట్రోల్ చేసినట్టు ప్రశ్నలో లేదు. ఒకేసారి రెండు మార్పులు చేశారు, పదార్థం, వేడి. దేనివల్ల ఎంత పడిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత 20 శాతం పీ3హెచ్‌టీ ఉన్నదాన్ని వేడి చేయకుండా కొలవండి. ఆ పైన 5 శాతంతో ఒకటి, పీటీబీ7 తగ్గించకుండా.

ఈ మూడింటికీ, మీ మొదటి పీటీబీ7, పీసీ71బీఎం సెల్‌కూ కలిపి నాలుగింటికీ ఈక్యూఈ తీయండి. ఏ రంగు కాంతికి ఎంత కరెంటు వచ్చిందో అదే చెప్తుంది, అబ్సార్ప్షన్ గ్రాఫ్ చెప్పదు. ఫొటోల్యూమినిసెన్స్ (కాంతి పడ్డాక ఫిల్మ్ తిరిగి ఇచ్చే వెలుగు) కూడా తీస్తానంటే తీయండి, కానీ పీ3హెచ్‌టీ వెలుగు ఆరిపోయిందని సంబరపడకండి. దాని శక్తి పక్కనున్న పీటీబీ7కి బదిలీ అయినా వెలుగు ఆరిపోతుంది, చార్జీలు విడిపోయినట్టు కాదు. పీటీబీ7 వెలుగు 750 దగ్గర ఎంత మిగిలిందన్నది చూడండి. ఏఎఫ్ఎం (నానోమీటర్ల స్థాయిలో ఫిల్మ్ పైభాగాన్ని చూపే పరికరం) మీకు అందుబాటులో లేకపోతే మామూలు మైక్రోస్కోప్ కింద పెట్టండి. అక్కడే మచ్చలు కనిపిస్తే ఇక 10 నానోమీటర్ల మాట ఎత్తక్కర్లేదు.

ఈక్యూఈ వచ్చాక 480 దగ్గర, 680 దగ్గర నాలుగు సెల్స్ విలువలూ ఇక్కడ రాయండి. నార్మలైజ్ చేయకుండా. ఫిల్మ్ మందాలు కూడా పక్కనే రాయండి, మందం తెలియకుండా ఆ అంకెలు పోల్చలేం.